కట్టు విప్పిన చెయ్యి

కిందటి వారం దాలమ్మను మాంగో పేటలో వీధి కుళాయి దగ్గర ఖాళీ బిందెతో వదిలాం. బిందె పెట్టబోతే సూర్యం భార్య పద్మకుమారి దాన్ని కాలితో పక్కకు జరిపింది. "మీ ఆయన సెయ్యెత్తాడు, మా ఆయన పోనాడు. నీ నీళ్ళు ఇంకోకాడ పట్టుకో" అంది. వరసలో ఉన్నవాళ్ళంతా సోంపేట, పలాస వైపు నుంచి వచ్చినవాళ్ళే. అందరూ తమ బిందెలు ముందుకు జరుపుకున్నారు.

గమ్హరియా యార్డులో ఇనుప రేకుల కట్ట గాలిలో ఊగి సూర్యం ప్రాణం తీసి ఇవాళ్టికి పద్నాలుగు రోజులు. అతన్ని లాగబోయిన దాలమ్మ భర్త అప్పలరాజుకు అదే కట్ట రొమ్మున తగిలింది. పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి చితికింది. గొంతుకు కన్నం పెట్టి గొట్టం వేశారు. ఇప్పుడు మాట లేదు. కింద నిలబడి చేతి సైగలతో క్రేన్‌ను నడిపించడం అప్పలరాజు పని. పైన కేబిన్‌లో కూర్చుని ఆ సైగలు చూసి లివరు తిప్పడం దాలమ్మ తమ్ముడు గోవిందరావు పని. "మా బావ ఎత్తమన్నాడు, నేను ఎత్తాను" అని గోవిందరావు కాగితం మీద రాసిచ్చాడు. రేపు పదకొండు గంటలకు విచారణ ఆఫీసరు ఆసుపత్రికి వస్తాడు. రోగికి మతి సరిగా లేదని ఆసుపత్రి కేసు కాగితంలో ఉంటే అతను ఏమీ అడగకుండానే వెళ్ళిపోతాడు. ఇక గోవిందరావు కాగితమే నిజం. అప్పలరాజు బతికినా, పోయినా, మనిషిని చంపిన చెయ్యి అతనిదే అవుతుంది.

ఐసీయూలో పనిచేసే త్రివేణి నిన్న దాలమ్మను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. అంకల్ చెయ్యి ఊరికే కొట్టుకోవడం లేదు, ఏదో చెబుతోంది, యార్డు మనిషిని ఎవరినైనా తీసుకురండి అని. దాలమ్మతో రాగల యార్డు మనిషి తమ్ముడొక్కడే.

అక్కాతమ్ముళ్ళున్న ఆటో వంతెన ఎక్కింది. కింద సువర్ణరేఖ నదిలో నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. గోవిందరావు అరచేతిలో ఖైనీ నలుపుతూ కూర్చున్నాడు. నలిపాడు, నోట్లో వేసుకోలేదు. మళ్ళీ నలిపాడు.

"నాకు డూటీ ఉందప్పా" అన్నాడు అక్కతో.

"పద్నాలుగు రోజుల్నుంచి యార్డుకి తాళం. ఏ డూటీ?"

"అదే, ఆఫీసులో పిలుత్తన్నారు."

"రేపు ఎల్లు. ఈయేళ మీ బావకాడికి."

గోవిందరావు ఖైనీ బయటకు విదిలించాడు. కొంచెం దూరం పోయాక, "సందుగాడు వత్తాడేటి?" అని అడిగాడు.

"రాడు. ఆసుపత్రి వాసనకి కడుపులో తిప్పుతాదంట. మొదటి రోజు అద్దంలోంచి సూసి ఎల్లిపోయినోడు మరి రానేదు. మగోడికి అంత మెత్తదనం పనికిరాదు."

చందు దాలమ్మ కొడుకు. ఇరవై ఆరేళ్ళు, భార్య రోహిణి కడుపుతో ఉంది. అదే యార్డులో స్టోరు పని. వచ్చే నెల క్రేన్ లైసెన్సు పరీక్షకు కట్టాడు.

"రాకపోనీలే. రోహిణికి ఏడో నెల. ఇంటికాడ ఒకలుండాల" అన్నాడు గోవిందరావు. మాట దాలమ్మతో అన్నాడు గాని చూపు నీళ్ళ మీద ఉంది.

నాలుగు గంటలకు ఐసీయూ తలుపు తీశారు. చెప్పులు బయట వదిలి, ఆకుపచ్చ గౌన్లు తొడుక్కుని ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆరు మంచాలు. కిటికీ పక్క మంచం అప్పలరాజుది. ఎడమ చేతికి సెలైను. కుడి మణికట్టుకు తెల్లటి పట్టీ కట్టి, దాని రెండో కొసను మంచం పక్కనున్న ఊచకు ముడి వేశారు. పట్టీ కింద చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఆగడం లేదు.

త్రివేణి స్టూలు లాగి మంచం పక్కన వేసింది. ఆ పిల్ల కద్మాలో పుట్టి పెరిగింది. ఇంట్లో నాయనమ్మ తెలుగు వింటుంది, హిందీలో జవాబిస్తుంది. ఆసుపత్రిలో రెండూ కలిపి మాట్లాడుతుంది.

"ఆంటీ, ధీరే ధీరే. ఏక్ బార్ మే ఏక్ సవాల్. మెల్లిగా, ఒకసారికి ఒక్క ప్రశ్నే. అడిగాక ఆగాలి. మనం ఆగం, అందుకే వాళ్ళు చెప్పలేరు."

పెద్ద డాక్టరు రోజూ ఉదయం వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి గట్టిగా కేకేసేవాడు. "ఆంఖ్ బంద్ కరో. జీభ్ నికాలో." కళ్ళు మూయి, నాలుక చాపు అని. అప్పలరాజు అతన్ని చూసి తల పక్కకు తిప్పుకునేవాడు. చెప్పిన మాట అర్థం కావడం లేదని రాసుకుని డాక్టరు వెళ్ళేవాడు. త్రివేణి కూడా మొదటి వారం అదే రాసింది. అలజడిగా ఉన్నాడు, గొట్టాలు లాగుతున్నాడు, చెయ్యి కట్టడమైనది. కింద సంతకం.

ఆమె ఇప్పుడు స్టూలు మీద కూర్చుంది. తన కళ్ళు అతని కళ్ళకు సమానంగా వచ్చేదాకా వంగింది.

"అంకల్, చెయ్యి విప్పుతున్నాను. గొంతు గొట్టం ముట్టుకోకూడదు. ఠీక్ హై?"

అప్పలరాజు రెప్పలు ఒకసారి మూసి తెరిచాడు.

ముడి బిగిసిపోయింది. గోళ్ళతో లాగి విప్పి, పట్టీని మంచం కాళ్ళ దగ్గర పెట్టింది. దాలమ్మ కొంగు చివర ముడి విప్పి కళ్ళజోడు తీసింది. పద్నాలుగు రోజులుగా అది ఇంట్లో గూట్లోనే ఉంది. ఇక్కడికి తేవాలని ఎవరికీ తట్టలేదు. ఆమె ముక్కు మీద పెట్టి, చెవులకు తగిలించింది. అప్పలరాజు గదంతా ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యి లేపాడు.

చూపుడు వేలితో తన ముక్కుకు ఇటు ఒకసారి, అటు ఒకసారి తాకించాడు.

"నన్నే" అంది దాలమ్మ. ఆమె ముక్కుకు రెండు వైపులా పుడకలు. "యార్డులో ఇలాగే పిలుత్తారు మనుసుల్ని. ఇనుము కింద పడ్డ సప్పుడికి పేరెట్టి పిలిత్తే ఇనబడదు కదమ్మా. ఒక్కోడికీ ఒక్కో గుర్తు."

తర్వాత వేలు పైపెదవి దగ్గర, తనకు లేని మీసాన్ని మెలితిప్పింది. అది గోవిందరావు. గోవిందరావు దగ్గరికి రాలేదు. నిలబడ్డ చోటి నుంచే తల ఊపాడు.

తర్వాత ఆ చెయ్యి త్రివేణి వైపు తిరిగింది. ఎడమ చేతి మణికట్టు లోపలివైపు, సెలైను పట్టీ పక్కన, వేలితో రెండుసార్లు కొట్టాడు. త్రివేణి తన మణికట్టు చూసుకుంది. గడియారం లోపలివైపు తిప్పి పెట్టుకోవడం ఆమెకు అలవాటు.

"యే మై హూఁ?" అంది. గడియారాన్ని వేలితో ముట్టుకుంది. "ఇది నేనా? ఆరు రోజులుగా కట్టు విప్పినప్పుడల్లా ఇలా కొడుతుంటే, సూది పీకుతున్నాడని మళ్ళీ కట్టాను ఆంటీ. నన్ను పిలుస్తున్నాడు."

"నిన్ను పిలిసినోడు డాట్రుని ఏటని పిలుత్తాడో అడుగు."

త్రివేణి అడిగే అవసరం లేకపోయింది. అప్పలరాజు దుప్పటి మీద, తన పొట్టకు జానెడు ఎత్తున, అరచేత్తో పెద్ద డాక్టరు పొట్టలా ఒక గుండ్రం గీశాడు. అటువైపు మంచం దగ్గర ఉన్న సిస్టర్ హేమ చూసి మొహం తిప్పుకుంది. పద్నాలుగు రోజుల్లో దాలమ్మకు నవ్వు రావడం అదే మొదటిసారి. అది పెదవుల దాకా వచ్చి ఆగింది.

అప్పలరాజు వేలు అప్పటికే ఇంకోచోటికి వెళ్ళింది. ఎడమ కనుబొమ్మ చివర. అక్కడ తాకి, దాలమ్మను చూశాడు. మళ్ళీ తాకాడు.

"సందుగాడు. సిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే అక్కడ మూడు కుట్లు" అని త్రివేణికి చెప్పి, భర్త వైపు వంగింది. "వత్తాడయ్యా. నీ కొడుకు వత్తాడు. వాసన పడక రానేదు."

"కట్టు విప్పినప్పుడల్లా ఇదీ చేస్తాడు" అంది త్రివేణి. "దురద అనుకుని తడిగుడ్డతో తుడిచేదాన్ని."

గోవిందరావు గోడ గడియారం చూశాడు. "టైమయిపోతంది కదా సిస్టర్."

"ఇంకా నలభై నిమిషాలున్నాయి."

త్రివేణి అప్పలరాజు చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఔనంటే ఒకసారి నొక్కాలి, కాదంటే రెండుసార్లు అని చెప్పింది. నీ పేరు అప్పలరాజా అంది. ఒకసారి. ఇది నీ ఇల్లా అంది. రెండుసార్లు. ఇది ఆసుపత్రా. ఒకసారి. ప్రతి ప్రశ్న తర్వాతా ఆమె పెదవులు కదలకుండా పది లెక్కపెట్టుకుంటోంది. మతి లేదన్న మనిషి ఆరు ప్రశ్నలకు ఆరూ సరిగ్గా చెప్పాడు. సిస్టర్ హేమ చేతిలో పని ఆపి చూస్తోంది.

"సూర్యం పోయిన రోజు సంగతి చెప్తారా అంకల్?"

పది లెక్క అయింది. పదిహేను అయింది. ఒకసారి నొక్కాడు.

"అయితే చూపించండి. ఈయన మాకు చెప్తారు." త్రివేణి గోవిందరావును ముందుకు రమ్మంది.

గోవిందరావు రెండడుగులు వేసి మంచం ఊచ పట్టుకున్నాడు. అప్పలరాజు బావమరిదిని చాలాసేపు చూశాడు. తర్వాత మోచెయ్యి పరుపు మీద ఆనించి, ముంజెయ్యి నిలబెట్టాడు. చూపుడు వేలు పైకి ఎత్తి చిన్నగా గుండ్రంగా తిప్పాడు.

"ఎత్తమంటన్నాడు" అన్నాడు గోవిందరావు.

వేలు తిరగడం నెమ్మదించింది.

"మెల్లిగా అంటన్నాడు."

అప్పలరాజు వేళ్ళు మడిచాడు. కళ్ళు ఎక్కడో కింద, మంచం అంచు అవతల ఎవరో వంగి ఉన్నట్టు అటు తిరిగాయి. తర్వాత అరచెయ్యి కిందికి తిప్పి, వేళ్ళు చాచి, గాలిలో చదునుగా అటూ ఇటూ ఊపాడు. ఆపి, మళ్ళీ ఊపాడు. మూడోసారీ ఊపాడు. గొట్టంలో గాలి గురగురమంది.

గోవిందరావు గొంతు సవరించుకున్నాడు. "ఇంకా ఎత్తమంటన్నాడు. అదే నాను రాసిచ్చింది."

దాలమ్మ ముందుకు వంగింది. భర్త చేతినే చూస్తోంది.

పెళ్ళయి ఈ ఊరు వచ్చిన మొదటి రోజు అప్పలరాజు పీట మీద కూర్చుంటే ఆమె అన్నం పెట్టింది. రెండో గరిటె, మూడో గరిటె. అతను చాలు అనలేదు. అరచెయ్యి కిందికి తిప్పి కంచం మీద చదునుగా ఊపాడు. ఆమెకు అర్థం కాక నాలుగో గరిటె వేసింది. అతను మళ్ళీ ఊపాడు. "నానేటి క్రేన్‌నా, సెయ్యూపితే ఆగడానికి?" అందామె. అతను ఆ రోజు నవ్వాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా రోజుకు రెండు పూటలా ఆ చెయ్యి చూసి ఆమె గరిటె ఆపుతోంది. కూర దగ్గర, చారు దగ్గర, ఒక్కోసారి ఆమె కోపం దగ్గర కూడా అదే చెయ్యి.

"గోవిందూ" అంది.

"ఏటప్పా."

"ఏటన్నాడు మీ బావ?"

"సెప్పాను కదా, ఎత్తమని."

"మళ్ళీ సెప్పు. ఆయన మొకం సూసి సెప్పు."

గోవిందరావు చూడలేదు. మంచం ఊచ మీద అతని వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"నాను యార్డు గేటు కూడా దాటనేదు. నాకేటీ తెల్దనుకున్నావు. అది ఆపమని. నా కంచం కాడ ఇరవై తొమ్మిదేళ్ళ బట్టి సూత్తన్నాను." ఆమె గొంతు పెంచలేదు. "ఆపమని మూడుసార్లు ఊపాడు. సూర్యం ఇంకా కింద ఉన్నాడని ఊపాడు. నువ్వు ఎత్తావు. ఎత్తి, ఆయన మీద రాసిచ్చావు. మా అమ్మ నిన్ను నా సంకనెట్టి పెంచింది. ఆ ఉజ్జోగం ఎవులు ఏయించారురా నీకు?"

"అప్పా, ఇంటికాడ మాట్లాడుకుందాం."

"ఇంటికాడ నాకు నీళ్ళు పట్టనివ్వట్లేదు."

సిస్టర్ హేమ ఒక అడుగు ఇటు వేసింది. త్రివేణి చేత్తో ఆగమని సైగ చేసి, అప్పలరాజు వైపు వంగింది.

"అంకల్, మీరు ఆపమన్నారా?"

ఒకసారి. గట్టిగా.

దాలమ్మ కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. పద్మకుమారి మొహం, కుళాయి వరస, పక్కకు జరిగిన బిందె, అన్నీ ఒక్కసారి ఆమె ముందు నుంచి పోయాయి. రేపు పదకొండు గంటలు. ఈ చెయ్యి చాలు. ఆమె ఇంకో ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండేది. కోపం ఊరుకోనివ్వలేదు. త్రివేణి చేతిలోంచి భర్త చేతిని తను తీసుకుంది.

"నీ బావమరిది సూసాడా? సూసి కూడా ఎత్తాడా?"

చెయ్యి ఆమె వేళ్ళను చుట్టుకుంది. తర్వాత రెండుసార్లు నొక్కింది.

"కాదా? సూడనేదా?"

అప్పలరాజు చెయ్యి విడిపించుకున్నాడు. లేని మీసం మెలితిప్పాడు. చూపుడు వేలు, నడిమి వేలు దుప్పటి మీద నిలబెట్టి, ఒకదాని వెనక ఒకటి కిందికి దించుతూ నడిపించాడు. నిచ్చెన దిగినట్టు. దిగిన వేళ్ళు మంచం అంచు దాకా నడిచి వెళ్ళిపోయాయి.

ఇది చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది.

"నువ్వు దిగిపోయావా" అంది దాలమ్మ.

గోవిందరావు ఊచ వదిలేశాడు. "అప్పా, సెయ్యి కట్టించెయ్యి. నీకు దండం పెడతాను. ఇక అడక్కు."

"మరి పైన ఎవులున్నారు?"

"అడక్కన్నాను కదా."

"కేబిన్లో ఎవులున్నార్రా?"

ఆ ప్రశ్న తమ్ముణ్ణి అడిగింది. జవాబు మంచం మీద నుంచి వచ్చింది. అప్పలరాజు కుడి చెయ్యి బరువుగా లేచింది. ముక్కు దాటింది. కళ్ళజోడు అంచుకు తగిలి, దాన్ని వంకర చేసి, ఎడమ కనుబొమ్మ చివర ఆగింది.

వెంటిలేటరు నాలుగైదు ఊపిర్లు ఊదింది.

దాలమ్మ కళ్ళజోడు సరిచేసింది. చెయ్యాల్సిన పని అదొక్కటే ఉన్నట్టు రెండు చెవుల దగ్గరా సరిచేసింది. ఆరు రోజులుగా అదే చోటు తాకుతున్నాడు. కొడుకును చూడాలని కాదు.

"పరీక్షకి కట్టాడు కదప్పా" అన్నాడు గోవిందరావు. మాట గొణుగుతున్నట్టు వచ్చింది. "సెయ్యి అలవాటవుతాదని నానే ఎక్కించాను. టీకి దిగాను. పది నిమిషాలు. బావకి కింద నుంచి కేబిన్లో మొకం కనబడతాది, లోపలున్నోడికి ఎండ కళ్ళలో కొట్టింది. సెయ్యి సూడనేదు. బావ బతకడన్నారు. పోయినోడి మీద పెడితే ఎవులికీ నట్టం నేదనుకున్నాను. రోహిణికి ఏడో నెల. లైసెన్సు నేనోడు ఎక్కితే జైలే. నానేటి సెయ్యను, నువ్వు సెప్పు."

దాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

సిస్టర్ హేమ తన మంచం దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది. ఆమెకు తెలుగు రాదు. త్రివేణికి వచ్చు. ఆ పిల్ల స్టూలు మీద నుంచి లేచి, మంచం కాళ్ళ దగ్గర వేలాడే కేసు కాగితాల అట్ట తీసుకుంది. కలం మూత తీసింది. రోజూ సాయంత్రం ఒక వరస రాయాలి. మతి ఎలా ఉంది, చెప్పింది అర్థమవుతోందా, చెయ్యి కట్టి ఉందా లేదా. నిన్నటి వరస కింద ఇవాళ్టిది ఖాళీగా ఉంది. రేపు ఆఫీసరు మొదట చూసేది అదే. మతి బాగుందని రాస్తే ఆ చెయ్యి ఆయనకూ కనుబొమ్మే చూపిస్తుంది.

ఆమె దాలమ్మ వైపు చూసింది. "ఆంటీ, క్యా లిఖూఁ?" అంది నెమ్మదిగా. ఏం రాయను?

గోవిందరావు అక్కను చూస్తున్నాడు. అప్పలరాజు కళ్ళజోడులోంచి భార్యను చూస్తున్నాడు. పద్నాలుగు రోజుల తర్వాత ఆమె మొహం అతనికి స్పష్టంగా కనబడుతోంది.

దాలమ్మ మంచం కాళ్ళ దగ్గర ఉన్న పట్టీ తీసుకుంది. ముడతలు పోయేలా చేత్తో సాగదీసింది. వచ్చి స్టూలు మీద కూర్చుని, భర్త కుడి చేతిని ఒళ్ళోకి తీసుకుంది. చర్మం ఒరుసుకుపోయిన చోట బొటనవేలితో మెల్లిగా రాసింది.

ఆ చెయ్యి ఆమె చేతుల మధ్య నుంచి కొంచెం పైకి లేచింది. అరచెయ్యి కిందికి తిరిగింది. చదునుగా అటూ ఇటూ ఊగింది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ చెయ్యి ఊగితే దాలమ్మ ఆగని రోజు లేదు.

ఆమె పట్టీని అతని మణికట్టు చుట్టూ ఒక చుట్టు తిప్పింది.